కురిక్యాల శిల నుండి వెబ్ పేజీ వరకు

కరీంనగరము నుండి జగిత్యాలకు పోవు త్రోవలో, గంగాధర మండలమునందలి కురిక్యాల గ్రామసమీపమున, ప్రజలు బొమ్మలగుట్ట యని పిలుచుకొను కొండ యొకటి కలదు. క్రీస్తుశకము పదవ శతాబ్ది నడుమ, సుమారు 945 ప్రాంతమున, వేములవాడ చాళుక్యులలో రెండవ అరికేసరి యాస్థానమున వెలసి విక్రమార్జునవిజయమును రచించిన కన్నడ ఆదికవి పంపని తమ్ముడగు జినవల్లభుడు, ఆ కొండరాతిపై చక్రేశ్వరీదేవి ప్రతిమను, తీర్థంకరుల ప్రతిమలను చెక్కించి, వానితోడ నొక శాసనమును వ్రాయించెను. ఆ శాసనము సంస్కృత కన్నడాంధ్రములు మూడింటను గలదు. తెలుగు భాగమున కందపద్యములు మూడుండుటయు, నన్నయభట్టారకునకు నూరేండ్లు ముందుగనే కందము ఈ సీమయందు చక్కగా నడచినదని వానివలన తేలుటయు, వాఙ్మయచరిత్ర చదివినవా రెరిగిన విషయమే. 2008లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించిన సందర్భమున చూపబడిన సాక్ష్యములలో ఈ శాసనమును ఒకటి.

పంపని వంశము వేంగినాటి వంగిపర్రు నుండి వచ్చినదనియు, జినవల్లభుడు ఇచ్చట త్రిభువనతిలకమను బసదిని, కవితాగుణార్ణవమను చెరువును, మదనవిలాసమను తోటను నిర్మించెననియు ఆ శాసనము తెలుపుచున్నది. ఆ చారిత్రకాంశములను గూర్చి పండితులు విస్తరించి వ్రాసియున్నారు. నేను విచారింప దలచినది వేరొకటి. అది వ్రాతయొక్క అమరిక. మూడు భాషలును ఆనాటి తెలుగుకన్నడముల యుమ్మడి లిపియందే చెక్కబడినవి. ఒక భాష యెచ్చట ముగిసెనో, వేరొక భాష యెచ్చట తలయెత్తెనో లిపిని జూచి చెప్పుటకు వీలులేదు; చదువువాడు మూడు భాషలు నెరిగినవాడై, తన యెరుకచేతనే వాని యెల్లలను గుర్తింపవలెను. పదమునకును పదమునకును నడుమ ఎడము విడుచుట గాని, పద్యపాదమునకు ఒక్కొక్క పంక్తిని కేటాయించుట గాని ఆనాటి శాసనలేఖకుల యాచారము గాదు. రాయి చదునుగా నున్నంతమేరకు పంక్తి సాగును. చదును ముగిసినచోట పాదము నడుమనైనను, పదము నడుమనైనను విరిగి క్రిందికి దిగును.

ఐనను పద్యము చెడలేదు. ఏలయన, కందమునకు గణనియమమును, యతియు, ప్రాసయు లోపలనే యున్నవి. నాలుగు పాదముల రెండవ యక్షరము ఒక్కటిగా వచ్చుచుండుటచేత, పాదమెచ్చట మొదలైనదో కన్నుకు తెలియకున్నను చెవికి తెలియుచునే యుండును. వేయి సంవత్సరముల తరువాత ఒక పరిశోధకుడు ఆ పంక్తుల ముద్రను కాగితముపై నెత్తి చదువ మొదలిడినప్పుడు, రాతి పంక్తులను ప్రక్కకు నెట్టి, కందమును కందముగా నాలుగు పాదములలో మరల నిలిపివ్రాయ గలిగెనన్నచో, ఆ సౌలభ్యము శిల్పి యిచ్చినది కాదు, ఛందస్సు ఇచ్చినది. పాఠమునకు లోపల నుండు నిర్మాణము వేరు, పైకి కనబడు అమరిక వేరు, మొదటిది నిలిచినచో రెండవదానిని ఎన్నివిధముల నైనను మార్చుకొనవచ్చును. ఈ భేదమునే ఇరువదవ శతాబ్ది చివరిభాగమున కంప్యూటరు శాస్త్రజ్ఞులు నియమరూపమున బిగించి, నిర్మాణమును హెచ్‌టీఎంఎల్‌కును, అలంకరణమును సీఎస్ఎస్‌కును అప్పగించిరి. ఆ రెండింటి చరిత్ర జెనీవానగరమునకు, యూరపు అమెరికాలకు మాత్రమే చెందినదని మనవారు తలచుచుందురు. కాని అక్షరమును దాని దుస్తునుండి వేరుచేసి చూచు సమస్య పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల గడ్డమీద ఎన్నిమారులు తలయెత్తి, ఎన్నివిధముల పరిష్కారము పొందినదో చూచినయెడల, ఈ విద్య మనకు పరాయిది కాదని స్పష్టమగును.

శాసనమునకు ముందుకాలమును గూర్చి ఒక్కమాట చాలును. గోదావరియొడ్డున పెద్దవాగు కలియుచోట నున్న కోటిలింగాల గ్రామమున దొరకిన నాణెములపై, గోబద, నారన, కంవాయ, సమగోప యను ప్రాచీనుల పేర్లును, శాతవాహన మూలపురుషుడగు చిముకుని పేరును బ్రాహ్మీలిపిలో కానవచ్చినవి. నాణెముపై చోటెంత యుండును? చిహ్నములు పోగా మిగిలిన కొలది స్థలమున రాజనామమును, దాని విభక్తిని కూడ ఇమిడ్చిన ఆ ముద్రాకారులే ఈ సీమలో అక్షరవిన్యాసమును వృత్తిగా జేసికొన్న మొదటివారని చెప్పుట తప్పు కానేరదు.

తాటాకు ప్రతుల కాలమున లేఖకునకు చోటు పుష్కలముగా లేకున్నను అమరికకొక క్రమ మేర్పడినది. ఆకు నడుమ త్రాటికొరకు చేసిన రంధ్రము చుట్టును కొంత ఎడము విడుచుట, పద్యము ముగిసినచోట నిలువుగీతలు గీచుట, పద్యసంఖ్య వేయుట, పద్యమునకు ముందు దాని ఛందస్సు పేరులోని మొదటి యక్షరమును సూచనగా నుంచుట మొదలైనవి అలవాటులోనికి వచ్చినవి. ఈ కడపటి గుర్తు మిక్కిలి గమనింపదగినది. కందమునకు ‘క’ యనియు, సీసమునకు ‘సీ’ యనియు, తేటగీతికి ‘తే’ యనియు పద్యము తలపై నుంచిన ఆ చిన్నయక్షరము పాఠములో భాగము కాదు; ఎవరును దానిని చదివి వినిపింపరు. తరువాత రాబోవునది యే జాతి పద్యమో చదువరికి ముందుగా తెలుపుటయే దాని పని. నేటి వెబ్ పేజీలో ఇది శీర్షిక, ఇది పేరా, ఇది ఉల్లేఖనము అని బ్రౌజరునకు తెలుపుటకై పాఠమునకు ముందు వెనుకల నుంచు ట్యాగు చేయుపనియు సరిగా నిదియే.

ధర్మపురి శేషప్పకవి నరసింహశతకమును తీసికొందము. ఆ శతకమంతయు సీసపద్యములు. సీసపాదమున ఇంద్రగణము లారు, సూర్యగణములు రెండు, మొత్త మెనిమిది గణములుండుటచేత పాదము మిక్కిలి పొడవైనది. తాటాకుపై ఆ పొడవు బాధింపలేదు; ఆకు కూడ పొడవైనదే. అచ్చు వచ్చి, పుస్తకపుపుట వెడల్పు తక్కువయగుటతో, ముద్రాపకులు సీసపాదమును నాలుగేసి గణములుగా రెండు పంక్తులకు విరిచి, రెండవపంక్తిని కొంచెము లోపలికి జరిపి, ఇది క్రొత్తపాదము కాదు, పైపాదమునకు తరువాయి యని కంటికి తెలియునట్లు కూర్చిరి. ఆ లోపలికి జరుపుట చిన్నపనిగా తోచును గాని, దానివలన పద్యనిర్మాణము పుటపై నిలువుగా కనబడినది. నేడదే శతకము ఇరుకైన ఫోను తెరపై కనబడునప్పుడు, పద్యమును ఎంటరు మీట నొక్కి ఇష్టము వచ్చినచోట విరిచి పెట్టినవారి పేజీలో అర్ధపాదము మరల రెండుగా విరిగి, సీసమో వచనమో తెలియని స్థితి యేర్పడుచున్నది. పాదమును పాదముగా, అర్ధపాదమును అర్ధపాదముగా ట్యాగులతో గుర్తించి, తరువాయి పంక్తి లోపలికి జరుగవలెనన్న ఆజ్ఞను సీఎస్ఎస్‌లో విడిగా వ్రాసినవారి పేజీలోనైతే, తెర ఇరుకైనను వెడల్పైనను సీసము సీసముగనే నిలుచును. ధర్మపురి పద్యమునకు తగిన పుటను కూర్చుటయందు పూర్వపు కంపోజిటరు చూపిన శ్రద్ధను నేటి వెబ్ పేజీ చేయువాడును చూపవలెనని నా యభిప్రాయము.

నిజాము పాలనలో ఈ జిల్లాలయందు తెలుగు అచ్చు సులభముగా వర్ధిల్లలేదు. కచేరీల భాష ఉర్దూ. పాఠశాలలలో బోధనాభాషయు ప్రధానముగా నదియే. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు హైదరాబాదున గోలకొండ పత్రికను స్థాపించి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి, మూడువందల యేబదినలుగురు కవుల రచనలను ఒక్కచోట అచ్చువేయించుటతో తెలంగాణపు కవిత్వమునకు అచ్చుపుటయందు గౌరవస్థాన మేర్పడినది. అంతకు మించి ఆ కాలమును గూర్చి ఇచ్చట విస్తరింప బనిలేదు. ఒక్క మార్లవాయి ముచ్చటను మాత్రము విడువరాదు. 1940లో జోడేఘాటున గోండు నాయకుడు కుమ్రం భీము నేలకొరిగిన పిమ్మట, ఆదిలాబాదు గోండుల దుఃస్థితిని విచారించుటకు వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫు ప్రోద్బలమున 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసెను. అచ్చట పిల్లలకొరకు గోండీభాషలో వాచకములు సిద్ధమైనవి. కాని వాని లిపి దేవనాగరి. భాష తమది, అక్షరపు దుస్తు పొరుగువారిది. గోండులకు తమ లిపి యొకటి సమీపగ్రామముననే పెట్టెలలో దాగియున్నదని వాచకములు వ్రాసినవారికి తెలియదు. ఆ ముచ్చటను ముందు చెప్పెదను.

ఇక జెనీవా సంగతి. అక్షరమునకు రూపము నీయుటకు ముందు దాని పాత్రను గుర్తింపవలెనను భావము కంప్యూటరు ప్రపంచమున 1969లో ఐబీఎం సంస్థలో పనిచేయు చార్లెస్ గోల్డ్‌ఫార్బు, మరియిద్దరు సహచరులు కల్పించిన జీఎంఎల్ అను పద్ధతితో బలపడినది. 1986లో అది ఎస్‌జీఎంఎల్ అనుపేర అంతర్జాతీయప్రమాణమైనది. జెనీవాయందలి సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్‌లీ 1989లో ప్రతిపాదించి, 1991నాటికి లోకమునకు చూపిన వెబ్‌కు ఈ ఎస్‌జీఎంఎల్ సంప్రదాయమునుండియే ట్యాగులు సంక్రమించినవి. తొలినాటి హెచ్‌టీఎంఎల్‌లో శీర్షిక, పేరా, జాబితా, చిరునామా వంటి కొలది ట్యాగులు మాత్రమే యుండెను. శీర్షిక యెంత పెద్దదిగా, ఏ రంగున కనబడవలెనో చెప్పు మార్గము లేకుండెను. ఆ నిర్ణయము బ్రౌజరునకు వదలివేయబడినది. శాస్త్రజ్ఞులు తమ పరిశోధనపత్రములను పంచుకొనుటకు ఏర్పరచుకొన్న సాధనము గనుక వారికి అంతకంటె అవసరము తోచలేదు.

వెబ్ వీధికెక్కగానే ఆ నిగ్రహము సడలినది. పత్రికలవారును, వర్తకులును తమ పేజీ తమకు నచ్చినట్లు కనబడవలెనని కోరిరి. నెట్‌స్కేప్ బ్రౌజరు వారి కోరికను మన్నించి, అక్షరపు పరిమాణమును, రంగును, ఫాంటును పాఠములోనే చొప్పించు ఫాంట్ ట్యాగును ప్రచారమునకు తెచ్చెను. ఒక్కొక్క వాక్యమునకు ముందు వెనుకల ఫాంట్ ట్యాగులు పేరుకొని, వందపేజీల రంగు మార్చవలెనన్నచో వందపేజీలను విప్పి తిరుగవ్రాయవలసిన దుర్గతి పట్టినది. ఈ యవస్థను ముందుగనే ఊహించిన నార్వే దేశీయుడు హోకన్ వియుం లీ 1994 అక్టోబరు 10న ఒక ప్రతిపాదనను ప్రకటించెను. అలంకరణపు టాజ్ఞలన్నియు పాఠమునుండి వేరుచేసి స్టైల్ షీటు అను ప్రత్యేకపత్రమున వ్రాయవలెననుట అందలి సారము. ఆ తొలి ప్రతిపాదనలో నన్ను మిక్కిలి యాకర్షించిన విషయ మొకటి కలదు: శీర్షికకు ఇంత పరిమాణ ముండవలెనని రచయిత కోరునప్పుడు, ఆ కోరికకు ఎంత శాతము బలముండవలెనో కూడ వ్రాయవచ్చును, మిగిలిన శాతము చదువరి యిష్టమునకు చెందును. రచయితకును చదువరికిని నడుమ రూపాధికారమును పంచిపెట్టు ఈ శాతముల పద్ధతి తరువాత నిలువలేదు గాని, ఇరువురి యాజ్ఞలును వరుసగా పైనుండి దిగివచ్చి ఒకదానితో నొకటి సర్దుకొనవలెనను భావము మాత్రము నిలిచినది. డచ్చి దేశపు బెర్ట్ బోస్ ఆయనతో చేయికలిపెను. 1996 డిసెంబరు 17న సీఎస్ఎస్ మొదటిభాగము ప్రమాణముగా వెలువడినది. మరుసటి యేటి డిసెంబరున వచ్చిన హెచ్‌టీఎంఎల్ నాలుగవ కూర్పు ఫాంట్ ట్యాగును వర్జింపదగినదిగా ప్రకటించినది.

ఇంగ్లీషునకు ఈ ఫాంట్ ట్యాగు చేసిన కీడు అసౌకర్యము మాత్రమే. ఎన్ని రంగులు పులిమినను, క్రిందనున్న రోమను అక్షరము అక్షరముగనే యుండెను. తెలుగునకు జరిగిన కీడు అంతకంటె లోతైనది. ఆ దినములలో కరీంనగరము మొదలుకొని మండలకేంద్రముల వరకు వెలసిన డీటీపీ దుకాణములలో పెండ్లిపత్రికలును, కరపత్రములును, స్థానికపత్రికలును పేజీమేకరులో అను ఫాంట్ల వంటివానితో కూర్చబడుచుండెడివి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరమునకు తనదైన సంకేతసంఖ్య లేదు. రోమను అక్షరములకు కేటాయింపబడిన గదులలో తలకట్టు నొకదానిని, ఒత్తు నొకదానిని, కొమ్ము నొకదానిని విడివిడి ముక్కలుగా నుంచి, వానిని ప్రక్కప్రక్కన కూర్చి తెలుగువలె కనబరచెడివారు. కాగితముపై ముద్రించినంతవరకు అందు దోషము లేదు. చూడ ముచ్చటగ నుండెడివి కూడ. అనేక కుటుంబములు ఆ పనిచే జీవించినవి. కాని ఆ పాఠమునే వెబ్‌కెక్కించినప్పుడు, చదువరి యంత్రమున ఆ ఫాంటు లేనిచో, తెలుగునకు మారుగా అర్థములేని రోమను గుర్తుల వరుస కనబడెను. వెదకుటకు వీలులేదు, ఒక ఫాంటునుండి వేరొక ఫాంటునకు మార్చుటకు వీలులేదు. ఇచ్చట రూపమే సర్వస్వమై, అక్షరము లుప్తమైనది. కురిక్యాల శిలపై జరిగినదానికి ఇది సరిగా వ్యతిరేకము: అచ్చట అమరిక లేకున్నను నిర్మాణము నిలిచినది, ఇచ్చట అమరిక సుందరమే గాని లోపల నిర్మాణము శూన్యము.

తెలుగు దినపత్రికలు వెబ్‌పైకి వచ్చిన తొలినాళ్లలో ఇట్టి ఫాంట్లనే పేజీతోపాటు చదువరి యంత్రమునకు పంపు ఉపాయమును అవలంబించినవి. నెట్‌స్కేప్ వారి పద్ధతి యొకటి, మైక్రోసాఫ్ట్ వారి పద్ధతి వేరొకటి. ఒక బ్రౌజరున కనబడినది వేరొకదాన కనబడదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొన్న తెలుగు యువకులు రోమను అక్షరములతోనే తెలుగును నిర్దుష్టముగా వ్రాయుటకు ఆర్‌టీఎస్ అను లిప్యంతరీకరణ పద్ధతిని కల్పించిరి. అందు అందచందములు లేవు. కాని దానినుండి తెలుగును యంత్రము తప్పులేకుండ మరల పొందగలదు. నా దృష్టిలో ఆ కురూపియైన ఆర్‌టీఎస్ ఆనాటి సుందరమైన ఫాంట్లకంటె తెలుగునకు నిజమైన మేలు చేసినది. వెన్న నాగార్జునగారు రూపొందించిన పద్మ అను ఉపకరణము ఆయా పత్రికల ఫాంటు ముక్కలను చదివి, వానిని నిజమైన తెలుగు సంకేతములలోనికి మార్చుచుండెను.

ఆ నిజమైన సంకేతములనగా యూనికోడ్. 1991 అక్టోబరున వెలువడిన దాని మొదటి కూర్పుననే, భారతదేశపు ఇస్కీ ప్రమాణము ననుసరించి, తెలుగునకు నూటయిరువదియెనిమిది స్థానముల భాగము కేటాయింపబడినది. ‘కురిక్యాల’ యను ఊరిపేరును అందు నిలువచేయునప్పుడు క, కొమ్ము, ర, గుడి, క, పొల్లు, య, దీర్ఘము, ల అని తొమ్మిది సంకేతములు ఉచ్చారణక్రమమున వరుసగా నుండును. కంటికి కనబడు అక్షరములు నాలుగే. యకారమును ఒత్తుగా క్రిందికి దించుట, దీర్ఘమును కకారము తలకు తగిలించుట అనునవి ఫాంటును, దానిని నడపు సాఫ్ట్‌వేరును చూచుకొను పనులు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటుతోడను, తిరుమల కృష్ణదేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లతోడను ఇది సామాన్యుల యంత్రములలోనికి వచ్చినది. 2003 డిసెంబరున మొదలైన తెలుగు వికీపీడియా ఈ పునాదిపైననే లేచినది. ఆ ఒత్తుల కూర్పు ఎంత సున్నితమైన పనియో 2018 ఫిబ్రవరిలో లోకమంతయు చూచినది: ‘జ్ఞా’ యను అక్షరపు సంకేతములు ఒక విధముగా వచ్చినప్పుడు ఐఫోనుల సాఫ్ట్‌వేరు దానిని కూర్పలేక స్తంభించిపోగా, ఆపిల్ సంస్థ కొలదిదినములలోనే సవరణ విడుదల చేయవలసివచ్చెను.

అక్షరము స్థిరపడినపిమ్మటనే అలంకరణమును గూర్చి మాటలాడుట సార్థకము. సీఎస్ఎస్‌లోని యాజ్ఞ లధికముగా రోమను లిపిని మనసున నుంచుకొని పుట్టినవి. ఇంగ్లీషునకు సరిపోవు పంక్తుల ఎడము తెలుగునకు చాలదు. పైపంక్తి ఒత్తులును, క్రిందిపంక్తి గుడిదీర్ఘములును ఒకదానితో నొకటి రాసికొనును. అక్షరపు పరిమాణమునకు ఒకటిన్నర రెట్లకు పైబడిన ఎడమున్నగాని కన్నునకు విశ్రాంతి చిక్కదు. వాలుటక్షరము మన లిపి సంప్రదాయము కాదు. ఇంగ్లీషు అలవాటుచొప్పున పుస్తకనామములను వాల్చినప్పుడు, యంత్రము గుండ్రని అక్షరములను బలవంతముగా ప్రక్కకు వంచి వికృతము చేయును. అట్టిచోట రంగుతోనో, లావుటక్షరముతోనో ప్రత్యేకత చూపుట మేలు. క్రిందిగీత ఒత్తులను కోసుకొనిపోకుండ, దానిని ఒత్తులకు దిగువన గీయుమను ఆజ్ఞయు సీఎస్ఎస్‌లో కలదు. పంక్తుల రెండంచులను సమముచేయుట సమాసభూయిష్టమగు తెలుగునకు నష్టము. పంక్తికి మూడు నాలుగు పదములే పట్టుటచేత వాని నడుమ పెద్దపెద్ద ఖాళీలు తేలును. జాబితా సంఖ్యలను తెలుగు అంకెలలో చూపు సదుపాయము సీఎస్ఎస్‌లో నున్నదని మనవారిలో పెక్కురకు తెలియకపోవుట విచారకరము. 2014లో సిలికానాంధ్రవారి కృషితో రూపొందిన సూరన, ధూర్జటి, మండలి, సురవరం మొదలైన ఫాంట్లు గూగుల్ ఫాంట్లలో చేరినవి గనుక, అందమునకు కొరత యున్నదని ఇక చెప్పుకొనుటకు వీలులేదు.

ఇప్పుడు ఆదిలాబాదునకు మరలుదము. నార్నూరు మండలమునందలి గుంజాల గ్రామమున, సుమారు 2006 ప్రాంతమున, హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందమునకు డజను వరకు వ్రాతప్రతులు లభించినవి. వాని లిపి దేవనాగరి కాదు, తెలుగు కాదు, మరాఠీవారి మోడీ లిపియు కాదు. పండితులు దానిని సుమారు 1750 నాటిదిగా నిర్ణయించిరి. నెలల పేర్లు, వారముల పేర్లు, జాతకచక్రములు, వ్యాకరణము, అంకెలు అందు వ్రాయబడియున్నవి. ఆ లిపిని చదువగల వృద్ధులు గ్రామమున నలుగురైదుగురు మాత్రమే మిగిలియుండిరి. మార్లవాయిలో దేవనాగరిని ఆశ్రయించి వాచకములు వ్రాయుచున్న 1943లో ఈ ప్రతులు అదే జిల్లాలో మౌనముగా నున్నవని తలచినప్పుడు, ఒక జాతికి తన అక్షరము తనకే దూరమైన కాలము ఎంత దీర్ఘమో తెలియుచున్నది.

గోండీకి లిపియొకటి మునుపే ప్రసిద్ధిలో నుండెను. మధ్యప్రదేశమునందలి బాలాఘాటు జిల్లావాడగు మున్షీ మంగళ్‌సింగ్ మసారం 1918లో కల్పించిన ఆ లిపి 2017లో యూనికోడ్ పదవ కూర్పున చేరినది. గుంజాల లిపి దానికంటె భిన్నము, ప్రాచీనము. అన్షుమన్ పాండే గారు దానికై ప్రతిపాదన సిద్ధముచేయగా, 2018 జూనున వెలువడిన పదునొకండవ కూర్పున గుంజాల గోండీకి అరువదిమూడు సంకేతములు లభించినవి. ఇందొక విశేష మున్నది. మన వర్ణమాలలో హల్లులు కకారముతో మొదలగును. గుంజాల ప్రతులలో యకారముతో మొదలై య, వ, బ, భ, మ అని సాగును. యూనికోడ్‌వారు సంకేతసంఖ్యలను ఆ దేశీయక్రమముననే యుంచిరి. గుంజాల పెద్దలు పిల్లలకు నేర్పు వరుసయే నేడు ప్రపంచమందలి యంత్రములన్నిటను ఆ లిపికి వరుసయైనది. ఇంతకంటె గౌరవప్రదమైన నిర్ణయ ముండబోదు.

ఐతే సంకేతము లభించుటతోనే పేజీ సిద్ధము కాదు. తెలుగు అక్షరమునకు యూటీఎఫ్ ఎనిమిది పద్ధతిలో మూడు బైట్ల చోటు చాలును. గుంజాల అక్షరము యూనికోడ్‌లో మిక్కిలి దూరమున నుండుటచేత నాలుగు బైట్లు కావలెను. మైఎస్‌క్యూఎల్ వంటి ప్రసిద్ధమైన దత్తాంశనిలయమున యూటీఎఫ్8 అను పేరనున్న పాతపద్ధతి మూడు బైట్లకు మించి చోటీయదు గనుక, తెలుగు పాఠమును నిరపాయముగా దాచిన యంత్రమే గోండీ పాఠమును దాచలేకపోవును. అట్టిచోట నాలుగు బైట్ల పద్ధతిని కోరి యెన్నుకొనవలెను. చదువరి ఫోనున ఆ లిపి ఫాంటు లేనిచో ఖాళీగళ్లు మాత్రమే కనబడును. దీనికి పరిష్కారము 1998 నాటి సీఎస్ఎస్ రెండవభాగముననే సూచింపబడినది: ఫాంటును పేజీతోపాటు పంపుట. ఒకనాడు తెలుగు పత్రికలు రోమను గదులలో దాచిన ముక్కలను పంపి పాఠమును పోగొట్టుకొన్న ఉపాయమే, నేడు నిజమైన సంకేతములు క్రింద నుండుటచేత, నిర్దోషమైనది. గూగుల్‌వారి నోటో సాన్స్ గుంజాల గోండీ ఫాంటు ఎవరైనను ఉచితముగా తీసికొని పేజీకి జోడింపదగినది. నోటో ఫాంటు రానిచోట ఆ పాఠము ఖాళీగళ్లుగా కనబడినను, లోపల అక్షరములు చెక్కుచెదరవు.

భాషను గుర్తించుటయు కలదు. కురిక్యాల శిలపై మూడు భాషలు ఒకే లిపిలో నుండగా చదువరి తన యెరుకచే విడదీసికొనవలసివచ్చెనని పైన చెప్పితిని. హెచ్‌టీఎంఎల్‌లో ఏ భాగము ఏ భాషయో చెప్పుటకు లాంగ్ అను సూచన యున్నది. తెలుగునకు టీఈ అని వ్రాయుదురు. ఆదిలాబాదు గోండీకి అంతర్జాతీయముగా డబ్ల్యూఎస్‌జీ అను ప్రత్యేకసంకేతమును, గుంజాల లిపికి జీఓఎన్‌జీ అను లిపిసంకేతమును ఏర్పడియున్నవి. ఈ రెండింటిని గీతతో కలిపి వ్రాసినచో, ఇది మార్లవాయి వాచకమువలె దేవనాగరిలోని గోండీయా, గుంజాల ప్రతివలె స్వంతలిపిలోని గోండీయా యని యంత్రమునకు స్పష్టమగును. అంధులకు చదివి వినిపించు సాధనములు, వెదకు యంత్రములు, ఫాంటు నెన్నుకొను బ్రౌజర్లు ఈ చిన్నసూచనపైననే యాధారపడును. తెలుగు పేజీలలో పెక్కింటియందు ఇది నేటికిని లేదు. ఇంగ్లీషు పేజీని నకలు తీసికొని అందు తెలుగు నింపి, పైన ఇంగ్లీషు అను సూచనను అట్లే వదలివేయువారు అనేకులు.

బాసరలో జ్ఞానసరస్వతి సన్నిధిని పసిబిడ్డల వేలుపట్టి అక్షరాభ్యాసము చేయించుట తరతరముల యాచారము. ఆ బాసరలోనే 2008లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ మేర్పడి, పదవతరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులకు సాంకేతికవిద్య నేర్పుచున్నది. అచ్చటి విద్యార్థులను, ఉట్నూరు, ఆసిఫాబాదు, జగిత్యాల, సిరిసిల్లలలో వెబ్ పేజీలు చేసి జీవించు యువకులను నేను కోరునది మిక్కిలి చిన్నది. మీరు నేర్చిన హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ విద్యను ముందుగా మీ సీమ పాఠములపై ప్రయోగింపుడు. కురిక్యాల కందమును పాదవిభాగముతో, మూడు భాషలకు మూడు సూచనలతో ఒక పేజీగా నిలుపుడు. శేషప్ప సీసమును ఫోను తెరపై విరుగకుండ కూర్పుడు. గుంజాల ప్రతులను వట్టి ఛాయాచిత్రములుగా మాత్రమే వదలక, ఆ లిపిని చదువు పెద్దలును, వారివద్ద నేర్చిన పిల్లలును అందుబాటులో నున్నప్పుడే, వారిచే చదివించి, యూనికోడ్ సంకేతములలో పాఠముగా నెక్కింపుడు. రంగులను, ఫాంట్లను, అంచులను తరువాతివారు వారి కాలమునకు తగినట్లు మార్చుకొందురు. పాఠమును మాత్రము మీరే యెక్కింపవలెను.